ఆరు టిక్కులు

18 సెప్టెంబర్ 2011, ఆదివారం. కోరుట్ల

శైలజకు పొక్కులు మాడుతున్నాయి. వీపు మీద ఇరవై మూడు, పొట్ట మీద పదిహేడు, ముఖం మీద ఆరు. నిన్నటి నుంచి కొత్తవి లేవు. ఎండాకాలంలో రావలసిన తల్లి వానాకాలంలో వచ్చిందని వాడంతా ముక్కు మీద వేలు వేసుకుంటున్నది. వైరస్‌కు పంచాంగం తెలియదు. బడులు తెలంగాణ సమ్మెలో ఉన్నాయి కాబట్టి మనుమరాలికి పాఠాలేవీ పోలేదు.

గడపకు వేపకొమ్మ కట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషిని. కొమ్మ వైరస్‌ను ఆపదు. ఇంట్లోకి రావద్దని పక్కవాళ్లకు నోరు తెరిచి చెప్పే పని తప్పుతుంది, అంతే.

మందుల లెక్క రాసే వేరే పుస్తకంలో శైలజకు ఒక పేజీ గీశాను. సమయం, జ్వరం, నాడి, నీళ్లు. రజని పేజీ ఎప్పటిదే. ఉదయం ఆరున్నర, మాత్ర, టిక్కు.

కోడలికి ఆ మాత్రలు మొదలై పదకొండు నెలలు. ఏడో నెలలో కాన్పు పోయిన దుఃఖం ఏ ఆడదానికైనా ఉంటుంది. పదకొండు నెలలు ఉండదు. మాత్రల పట్టీలు పెద్దవాళ్ల దగ్గర ఉంచమని జగిత్యాల మనసు డాక్టరు చెప్పాడు కాబట్టి నా బీరువాలో ఉన్నాయి. మా ఆయన పోయిన పన్నెండో రోజు నేను బడికి వెళ్లి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. ఏ మాత్రా లేదు.

25 సెప్టెంబర్, ఆదివారం

కరెంటు ఉదయం నాలుగు గంటలు లేదు, మధ్యాహ్నం మూడు గంటలు లేదు. బస్సులు లేవు. రైళ్లూ ఆపారట.

పేపర్లో ఆరోగ్యం పేజీలో చిన్న వ్యాసం. మనసుకు వాడే మందుల గురించి. ఆ మందులు పని చేసే సెరటోనిన్ మెదడులోనే కాదు, తెల్ల రక్త కణాల్లో కూడా ఉంటుందట. అందువల్ల వైరస్ సోకినప్పుడు ఆ కణాలు స్పందించే తీరును ఈ మందులు మార్చవచ్చునట. ‘మార్చవచ్చు’ కింద గీత గీశాను. కత్తిరించి ఇక్కడే పెట్టాను.

ఇదే నేను అనుకుంటున్నది. ఆ మాత్ర వేసుకున్నాక రజని ఎంత నెమ్మదైందో నేను చూడలేదా? పిలిస్తే పలకడానికి క్షణం పడుతుంది. మనిషిని మందగింపజేసేది మనిషి లోపలి సైన్యాన్ని మాత్రం మేల్కొలిపి ఉంచుతుందా?

30 సెప్టెంబర్, శుక్రవారం

ఆరున్నరకు పట్టీలోంచి మాత్ర తీశాను. టిక్కు పెట్టాను. గదిలోకి వెళ్తే రజని గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మెడ మీద నాలుగు నీటి పొక్కులు. జ్వరం 101.4. శైలజ నుంచి లెక్క వేస్తే సరిగ్గా పదహారు రోజులు.

మాత్ర ఇవ్వలేదు. ముందు జ్వరం సంగతి చూడాలి. ఆ మాత్రను చిన్న స్టీలు డబ్బీలో వేశాను.

వాడ చివర పోచమ్మ గుడి దగ్గర నీళ్లు పోసే పోచవ్వ వచ్చింది. రజనిని చూసి చేతులు జోడించి, నా వైపు తిరిగింది.

“పెద్ద మనిషికి పోసింది టీచరమ్మా. బిడ్డకు పోసినట్టు కాదు. పోపు వెయ్యకు, గింజ వేయించకు. గోలీలు గిట్ల ముట్టిచ్చేవు, తల్లికి కోపమొస్తది.”

“నాకు తెలుసు పోచవ్వా.”

“తెలుసు అంటవు. సదువుకున్నోల్లకు తెలిసుడే గాని ఇనుడు ఉండది.”

“ఈసారి వింట,” అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది.

మధ్యాహ్నం రజని అడిగింది. “అత్తమ్మా, పొద్దుగాల గోలి?”

“జ్వరం తగ్గనీ.”



1 అక్టోబర్, శనివారం

102.6. నాడి 104. పొక్కులు లెక్కించడం సాధ్యం కాలేదు. జ్వరం మాత్ర పొడి చేసి మజ్జిగలో కలిపి ఇచ్చాను. పోచవ్వకు తెలియనవసరం లేదు.

ఆరున్నర మాత్ర డబ్బీలో వేశాను. టిక్కు. గడి పైన ‘మాత్ర’ అని మాత్రమే ఉంది, ‘మింగింది’ అని లేదు. తీసినందుకు టిక్కు.

మహిపాల్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. ముందు బిడ్డను అడిగాడు, తర్వాత భార్యను.

“అమ్మా, దాని మనసు గోలీలు ఆగొద్దు. డాక్టర్ మరీ మరీ చెప్పిండు. ఇస్తున్నవు గద?”

“పుస్తకంల రాస్తున్న.”

“నువ్వు రాస్తున్నవంటే ఇంక నాకు రంది లేదు.”

నేను అబద్ధం చెప్పలేదు.

2 అక్టోబర్, ఆదివారం

మధ్యాహ్నం రజని తండ్రి మొగిలయ్య వచ్చాడు. సిరిసిల్ల నుంచి మోపెడ్ మీద, వేములవాడ, కథలాపూర్ దాటి. హ్యాండిల్‌కు రెండు కొబ్బరి బోండాలు వేలాడుతున్నాయి. మరమగ్గాల మీద పని, వెంట్రుకల్లో ఇంకా దూది. గడప బయటే ఆపాను.

“వదినె, బిడ్డను ఒక్కపారి సూసి పోత.”

“తల్లి ఉన్నదన్నా. బయటి మనిషి గడప దాటద్దు.”

“నేను బయటోన్నా?” నవ్వబోయి మానుకున్నాడు. “నాకు చిన్నప్పుడే పోసింది వదినె. గిదో, ముక్కు మీద గుంత సూడు. నాకు మల్ల రాదు.”

ఒకసారి వచ్చిన వారికి మళ్లీ రావడం అరుదు. ఎందుకో వివరింపుము. ఇది నేను ఏటా పరీక్షలో మూడు మార్కులకు ఇచ్చిన ప్రశ్న.

“అది నాకు తెలుసు. ఆచారం ఆచారమే,” అన్నాను.

అతను బోండాలు గడప మీద పెట్టాడు. “కరెంటు లేక సాంచాలు బంద్ ఉన్నయి. ఊరంత సప్పుడు లేకుంట పీనుగు లెక్క ఉన్నది. అందుకే పని ఇడిసిపెట్టి రాలె, పని లేకనే వచ్చిన,” అని, చేతులు తుడుచుకొని, “ఆ గోలీలు మాత్రం ఆపకున్రి వదినె. అవి మొదలువెట్టినంకనే నా బిడ్డ అన్నం తిన్నది.”

“నేను చూసుకుంట. నువ్వు పో, చీకటి పడుతది.”

లోపలి నుంచి రజని గొంతు వినిపించింది. “నాయినా, పైలంగ పో.” ఒక్కసారే. అతను కొమ్మ వైపు చూస్తూ తల ఊపాడు, ఆమెకు కనిపిస్తున్నట్టు.

102.2. డబ్బీలో మూడు.

అతన్ని రానిస్తే రజని చెప్పేది. అందుకు కాదు నేను ఆపింది. ఆచారం.

3 అక్టోబర్, సోమవారం

రాత్రంతా రజనికి నిద్ర లేదు. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు అవుతోందట. కళ్లు మూసుకుంటే పడిపోతున్నట్టుందట. పొద్దున గంజి గిన్నె తోసేసింది. పదకొండు నెలల్లో ఆమె ఒక వస్తువును తోయడం ఇదే మొదటిసారి. వెంటనే ఏడ్చింది. గంజి తుడవబోయింది. లేవలేకపోయింది.

జ్వరం వల్ల. జ్వరంలో ఇలాంటివి సహజం.

“అత్తమ్మా, మీకు దండం పెడుత. ఒక్క గోలి ఇయ్యున్రి.”

తెల్ల కణాల సంగతి విడమరచి చెప్పాను. బొమ్మ కూడా గీశాను. శరీరం యుద్ధంలో ఉన్నప్పుడు సైన్యానికి మత్తు పెట్టకూడదు అన్నాను. ఆమె బొమ్మను చాలాసేపు చూసింది.

“నేను మత్తుల లేను అత్తమ్మా. మీరు ఇన్ని దినాలు నేను మత్తుల ఉన్ననని అనుకున్నరా?”

మాత్ర. టిక్కు. నాలుగు.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ. వీధిలో పాటలు మా ఇంటి ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించి, దాటాక పెంచారు. శైలజ కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడింది. “బాపమ్మా, మనమెప్పుడు బయటికి పోవాలె?”  మూడు వారాలుగా ఈ గడప దాటలేదు నేను. బయట బంద్, లోపల తల్లి.

సాయంత్రం రజనికి దగ్గు. శ్వాస నిమిషానికి 26. తొమ్మిదింటికి 32.

ఐదు.

5 అక్టోబర్, బుధవారం. జగిత్యాల

ఉదయం ఐదింటికి శ్వాస 38. పెదవులు నల్లబడ్డాయి. ఆరున్నరకు మాత్ర తీశాను, టిక్కు పెట్టాను, డబ్బీలో వేశాను. ఎందుకు చేశానో తెలియదు. చెయ్యి దానంతట అదే చేసింది. ఆరు.

శైలజను పోచవ్వకు అప్పగించాను. మూడిళ్ల అవతలి మొండయ్యను బతిమాలితే ఆటో తీశాడు. మనసు డాక్టరు రాసిన పాత చీటీ చేతిలో పట్టుకున్నాను, దారిలో ఆపితే చూపించడానికి. మొండయ్య చీటీ వైపు చూసి, మా గడప మీది కొమ్మ విరిచి ఆటో ముందు కట్టాడు.

“కాయితం చదివెటోడు దొరకాలె గద టీచరమ్మా. కొమ్మ అయితే గుడ్డోనికి గూడ ఎరుకైతది.”

సగం దూరంలో రోడ్డు నిండా సమ్మెవాళ్ల వంటా వార్పు. తారు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది, జెండాలు, డప్పులు. నలుగురు యువకులు కట్టెలు అడ్డం పెట్టారు.

“బంద్ అని తెల్వదా కాకా? వాపస్ మలుపు!”

“తల్లిని తీస్కపోతున్న బిడ్డా,” అన్నాడు మొండయ్య, ఇంజన్ ఆపకుండా.

వాళ్లు కొమ్మను చూశారు. డప్పు ఆగింది. ముందున్నవాడు చెప్పులు విడిచాడు. ఇద్దరు ఉడుకుతున్న గంజును గుడ్డలతో పట్టుకొని పక్కకు జరిపారు. ఒక ముసలామె బిందెడు నీళ్లలో పసుపు కలిపి ఆటో చక్రాల ముందు తల్లికి సాక పోసింది. “పోయి రా తల్లీ, సల్లగ సూడు,” అంది. రజని నా భుజం మీద తల ఆనించి ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. చిన్న చిన్నగా, వేడిగా.

నేను నమ్మని కొమ్మ మాకు దారి ఇచ్చింది. నేను నమ్మని కొమ్మను అడ్డం పెట్టుకొనే ఆరు రోజులు గడిపాను. రెండోది రాయకూడదనుకున్నాను. రాసేశాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము ఉంది. ఆక్సిజన్, నరానికి వైరస్ మందు. డాక్టరు నలభై ఏళ్ల మనిషి, చూపులో అలసట.

“ఇంక ఏమన్న మందులు వాడుతదా?”

నేను నోరు తెరిచాను. రజని మాస్కు జరిపింది.

“మనసు గోలీలు సార్. నేనే మానేసిన. అత్తమ్మ దినాం చేతుల పెట్టింది. నేను మింగలే.”

డాక్టరు నా మందుల పుస్తకం తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. “చూడమ్మా, మేడం ఎంత పద్ధతిగ రాసిండ్రు. ఒక్క రోజు తప్పలే. ఇంత చేసే అత్తను మోసం చేస్తవా?”

రజని మాస్కు మళ్లీ పెట్టుకుంది. నేను చెప్పలేదు.

బయట నడవలో అడిగాను, ఆ మాత్ర తెల్ల కణాలను మందగింపజేస్తుందా అని. పేపర్లో చదివానని చెప్పాను.

“ప్రభావం ఉన్నదనే అంటున్నరు మేడం. ఎటు దిక్కు అన్నదే తేలలే. కొన్ని పరీక్షలల్ల, వైరస్ పట్టిన కణాలను చంపే తెల్ల కణాలు ఆ మందుతోని ఇంకింత చురుగ్గ పని చేసినయట. గాజు గొట్టంల అయింది మనిషిల అయితదని చెప్పలేం.”

“మనిషే నెమ్మది అయినప్పుడు...”

“మనిషి నెమ్మదైతే కణం నెమ్మదైతదా? ఏ క్లాసుల ఉన్నది మేడం ఆ పాఠం? నిద్ర లేక, తిండి లేక, గాబరతోని ఉన్న ఒంటికి కొట్లాడుడు కష్టమని మాత్రం తెలుసు. ఆమె ఎన్ని రాత్రుల నుంచి పండుకోలే?”

“మూడు,” అన్నాను. అది కూడా పుస్తకంలో ఉంది.

6 అక్టోబర్, గురువారం

దసరా. నర్సు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కింది. ఆక్సిజన్ తగ్గించలేదు. మాత్ర మళ్లీ మొదలైంది, నర్సే ఇస్తోంది. చెప్పలేదు.

7 అక్టోబర్

చెప్పలేదు.

8 అక్టోబర్, శనివారం

శ్వాస 24. ఆక్సిజన్ తీసేశారు. మధ్యాహ్నం వార్డులో అందరూ నిద్రపోతున్నప్పుడు అడిగాను.

“ఎందుకట్ల చెప్పినవు?”

రజని పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ముఖమంతా పెచ్చులు.

“మీరు చెప్తరేమో అని చూసిన,” అంది.

తర్వాత మళ్లీ అంది. “మీది తప్పని డాక్టరు ముంగట నేనంటే, నేను రేపు ఎవ్వల ఇంటికి పోవాలె అత్తమ్మా? ఆయన మస్కట్‌ల ఉండె. నాయిన కాడ తిండికే లేదు. నా గోలి మీ బీరువలనే ఉండె.”

నేను ఆమె నీళ్ల సీసా నింపడానికి లేచాను. సీసా నిండుగానే ఉంది.

11 అక్టోబర్, మంగళవారం. కోరుట్ల

ఇంటికి వచ్చాం. శైలజ తల్లిని ముట్టుకోవాలా వద్దా అని గుమ్మంలో ఆగి, పరుగెత్తుకొచ్చింది. పోచవ్వ పసుపు, వేపాకు నూరి తెచ్చి రజనికి నీళ్లు పోసింది.

పోస్తూ పోస్తూ, “మల్ల గా మనసు గోలీలు నువ్వే ఎందుకు ఇడిసినవు బిడ్డా?” అని అడిగింది. మొండయ్య ఆసుపత్రిలో విన్నది వాడకంతా చెప్పాడు.

రజని తల వంచుకొని ఉంది.

“నువ్వే కద గోలీలు ముట్టిచ్చొద్దన్నవు,” అన్నాను నేను. నా గొంతు నాకే నచ్చలేదు.

పోచవ్వ చెంబు ఆపింది. “జరానికి వద్దన్న. దినాం ఏసుకునేది ఇడువుమన్ననా? నాకు షుగరున్నది టీచరమ్మా. నా ఒంటికి తల్లి వచ్చిననాడు గూడ పొద్దుగాల్ల గోలి మింగిన. నువ్వు సదువుకున్నదానివి, గంత తెల్వదా?” అని నవ్వి, మిగిలిన నీళ్లు పోసింది.

13 అక్టోబర్

మహిపాల్ ఫోన్. “అమ్మా, నువ్వు లేకుంటే దాని పానం దక్కకపోవు.” పుస్తకం సంగతి డాక్టరు కూడా మెచ్చుకున్నాడని ఎవరో చెప్పారట. “అవును” అన్నాను. చెప్పలేదు.

రజని నా ముందే నిలబడి మాత్ర వేసుకుంటోంది. నోరు తెరిచి చూపిస్తోంది. నేను అడగలేదు.

17 అక్టోబర్, సోమవారం

రోడ్ల మీదికి బస్సులు వచ్చాయి. రేపు జగిత్యాలలో ఆసుపత్రి డాక్టరు మళ్లీ చూస్తానన్నాడు. పుస్తకం తప్పకుండా తెమ్మన్నాడు. ఇలాంటి కేసు తన పై పెద్ద డాక్టరుకు చూపించాలట.

వ్యాసం ముక్క మళ్లీ చదివాను. నేను గీత గీసిన మాట తర్వాత రెండు వాక్యాలున్నాయి. ‘ఈ మార్పు మేలు కూడా కావచ్చు. డాక్టరును అడగకుండా మందు ఆపడం ప్రమాదం.’ ఈ రెండు వాక్యాలు నేను ఆ ఆదివారమే చదివాను. కత్తెరతో వాటి కింద నుంచే కత్తిరించాను. వాటిని చదవకపోతే అంత సరిగ్గా వాటి కింద కత్తిరించి ఉండేదాన్ని కాదు.

మాత్రలు ఆపింది తెల్ల కణాల కోసం కాదు. పోచమ్మ కోసం కాదు. ఆ మాత్ర లేకుండా ఆమె బతకగలదని, బతికితే పదకొండు నెలలుగా ఆమె చేసింది బలహీనతేనని నేను చూపించాలనుకున్నాను. ఎవరికి చూపించాలో తెలియదు.

మా ఆయన పోయిన పన్నెండో రోజు బడికి వెళ్లాను. ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. ఏ పాఠమో గుర్తు లేదు. ఆ ఏడాది మహిపాల్ ఏ తరగతిలో ఉన్నాడో గుర్తు లేదు. ఆ ఏడాది గురించి నా దగ్గర హాజరు పట్టీ తప్ప ఏమీ లేదు.

18 అక్టోబర్, మంగళవారం

హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు కొత్త టీచర్లకు మొదటి రోజే చెప్పేదాన్ని. రిజిస్టరులో తప్పు పడితే రబ్బరు వాడకూడదు, దిద్దకూడదు, పేజీ చించకూడదు. కింద ఉన్నది కనపడేలా ఎర్ర సిరాతో ఒక్క గీత, పక్కన పొట్టి సంతకం, తేదీ.

ఉదయం ఆరు టిక్కులకు ఆరు గీతలు గీశాను. ఆరుసార్లు ‘ర.మా.’ అని నా పొట్టి సంతకం పెట్టాను. ఒక్కొక్క దాని పక్కన ‘ఇవ్వలేదు’ అని రాశాను.

బస్సులో రజని కిటికీ పక్కన కూర్చుంది. చేతి సంచిలో డబ్బీ ఉందని ఆమెకు తెలియదు. చక్రం గుంతలో పడినప్పుడల్లా మాత్రలు గలగలమన్నాయి. మూడోసారికి ఆమె సంచి వైపు చూసి, నా వైపు చూసింది. 

డాక్టరు ముందు పుస్తకం తెరిచి పెట్టాను. డబ్బీ మూత తీసి పక్కన పెట్టాను.

“ఇదేంది మేడం?”

“ఆరు రోజులు నేను ఇయ్యలే. అమ్మాయి అడిగింది. దండం పెట్టి అడిగింది. మోసం చేసింది నేను.”

అతను పెన్ను కింద పెట్టాడు. బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. నాలుగు నంబర్లు పోయాయి.

“ఊపిరితిత్తులకు పోయింది మాత్ర ఆపినందుకేనా?” అడిగాను.

“అట్ల నేను రాయ. పెద్దవాళ్లకు అమ్మవారు పోస్తే మందు ఆపకున్నా అట్ల అయితది.”

“ఆపకపోతే రాకపోవునా?”

“అది గూడ చెప్ప. ఎవ్వరూ చెప్పలేరు మేడం.”

శిక్ష వేయలేదు, విడవలేదు. ఈ రెండింటి మధ్య ఉండాలి నేను.

అతను కొత్త చీటీ రాసి, చెయ్యి నా వైపు చాచబోయి, రజనికి ఇచ్చాడు.

బస్టాండులో మహిపాల్‌కు ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత “రజనికియ్యి” అన్నాడు. ఇచ్చాను. దూరంగా వెళ్లి నిలబడ్డాను. ఆమె ఏం చెప్పిందో తెలియదు.

సిరిసిల్లకు కూడా చేశాను. కరెంటు వచ్చినట్టుంది, సాంచాల చప్పుడులో నా మాట వినపడక మొగిలయ్య “ఆఁ? ఆఁ?” అన్నాడు. మూడుసార్లు చెప్పాను, మూడోసారి అరిచి. బస్టాండులో వాళ్లు తిరిగి చూశారు. అతను, “వచ్చే ఐతారం వస్త వదినె. లోపటికి వస్త,” అని పెట్టేశాడు.

ఇంటికి రాగానే రజని చెయ్యి చాచింది. బీరువా తెరిచి పట్టీలన్నీ ఇచ్చాను. లెక్కపెట్టి ఇవ్వబోయాను. “వద్దత్తమ్మా,” అంది.

19 అక్టోబర్, బుధవారం

ఉదయం ఆరున్నర. వంటింట్లో గ్లాసు చప్పుడైంది. మాత్రకో, మంచినీళ్లకో తెలియదు. లేవబోయాను, లేవలేదు.

పుస్తకంలో ఈ రోజు గడి ఖాళీ.